పూత మీద అమ్మని ఏడాది

మా వైపు పిక్క అనే మాటకు రెండు అర్థాలు. జీడిచెట్టు నుంచి రాలేది ఒక పిక్క. మోకాలికి కింద, మడమకు పైన ఉండేది ఇంకో పిక్క. మా సంసారం ఈ రెంటి మీదే నడిచింది. తోటలో పిక్కలు ఏడాదికోసారి డబ్బిచ్చేవి. బస్సులో నిలబడి నిలబడి బిగుసుకుపోయిన నా పిక్కలు నెలకోసారి జీతమిచ్చేవి. పిక్కబలం అంటే అందరూ పారిపోయే శక్తి అనుకుంటారు. నాకు మాత్రం అది పలాస నుంచి టెక్కలి దాకా, టెక్కలి నుంచి పలాస దాకా పారిపోకుండా నిలబడే శక్తి.

నేను బస్సు కండక్టరుని. పోయిన జూన్ దాకా అని ఇప్పుడు కలపాలి. కంచిలి దగ్గర పల్లెలో ఇల్లు, ఇంటిని ఆనుకుని చిన్న జీడితోట. నా భార్య నాకు మేనత్త కూతురు. పెళ్ళికి ముందూ నేను 'బావ'నే, పెళ్ళయ్యాకా 'బావ'నే. పదోన్నతి లేకపోవడం నాకు ఉద్యోగంలోనే కాదు, ఇంట్లో కూడా అలవాటే.

ఇంటి బడ్జెట్ ఆవిడది. జీతం ఒకటో తారీకున ఎక్కే ప్రయాణికుడు. మూడో తారీకుకల్లా దిగిపోతాడు. ఆ రెండు రోజుల్లోనే ఆవిడ ఖర్చులకు సీట్లు కేటాయించేది. బ్యాంకు వడ్డీ, బియ్యం, కరెంటు, మందులు, ఇవి కూర్చునే ఖర్చులు. చేపలు, బట్టలు, పెళ్ళిళ్ళలో చదివింపులు, ఇవి నిలబడే ఖర్చులు. రద్దీ ఎక్కువైతే నిలబడ్డవాళ్ళనే దింపాలి. అలా మా ఇంట్లో ముందు పచ్చి చేప దిగిపోయింది, దాని చోట ఎండు నెత్తళ్ళు ఎక్కాయి. తర్వాత రెండో పూట టీ దిగిపోయింది. ఆ తర్వాత నా ఫోన్ రీచార్జి. "డ్యూటీలో ఉన్నోడికి ఫోనెందుకు బావా? నువ్వెక్కడున్నావో బస్సు మీద బోర్డే సెప్తాది కదా" అంది.

ఒకసారి లెక్కల్లో వేలు పెట్టబోయాను.

"నువ్వు టిక్కెట్లు కొట్టు బావా. బస్సు నాను నడుపుతాను" అంది. ఆ తర్వాత నేను ఫుట్‌బోర్డు దిగలేదు.

అప్పు తుఫానుతో మొదలైంది. ఆ గాలికి మా కొబ్బరిచెట్లు పడిపోయాయి అంటే తక్కువ చెప్పినట్టు. రెండు చెట్లు వచ్చి మా పెంకుల మీద పడుకున్నాయి. ఇల్లు మళ్ళీ కట్టుకోవాలి, తోటలో మళ్ళీ మొక్క వేయాలి. కొబ్బరి కాపుకొచ్చేసరికి నేను ఉంటానో లేదో అని బేగి కాసే జీడి అంటుమొక్కలు తెచ్చాం. వాటన్నిటికీ డబ్బు నా భార్య మెడలోంచి వచ్చింది. పుస్తెలు పసుపుతాడుకు మారాయి, వాళ్ళమ్మ ఇచ్చిన బంగారు గొలుసు తాకట్టుగా బ్యాంకు లాకర్లోకి వెళ్ళింది. తెలియక తప్పుచేసినవాణ్ని పప్పులో కాలేశాడంటారు. జీడిపప్పు పండే చోట పుట్టి నేను నేరుగా అప్పులో కాలేశాను.

బంగారం మీద అప్పు విచిత్రమైనది. ఏడాది తిరగ్గానే మిగిలిన వడ్డీ కట్టి కాగితాలు తిరగరాయించాలి. నా జీవితంలో నేను ఇన్నిసార్లు తిరగరాసిన రచన ఇంకొకటి లేదు, ప్రతిసారీ నిడివి పెరిగేది. ఎందుకంటే బంగారం ధర పెరిగిందని బ్యాంకు వాళ్ళు అదే గొలుసు మీద ఇంకొంచెం ఇస్తామనేవారు, మేము వద్దనేవాళ్ళం కాదు. ఒక ఏడు ఇంటి శ్లాబు, ఒక ఏడు బోరు, ఒక ఏడు కొడుకు చదువు. బంగారం పెరిగిందని టీవీలో చెబితే కొనేవాళ్ళు ఏడుస్తారు, ఉన్నవాళ్ళు నవ్వుతారు. మేము ఆ గొలుసు ఉన్నవాళ్ళమో లేనివాళ్ళమో తెలియక ఊరికే చూసేవాళ్ళం. నెలనెలా వడ్డీ వాయిదా కట్టడానికి నెలనెలా ఏదో ఒకటి వాయిదా వేసేవాళ్ళం. ఒకే మాటను మన భాష రెండు పనులకూ ఎందుకు పెట్టిందో నాకు అప్పుడు తెలిసింది.

మెడ బోసిగా ఉండకూడదని ఆవిడ పలాస బజార్లో బంగారు పూత గొలుసు కొనుక్కుంది. రంగు పోయినప్పుడల్లా కొత్తది. చెట్టు మీద ఒక పూత, మెడలో ఒక పూత. ఏ పూత ఎన్నాళ్ళుంటుందో చెప్పలేని కాపురం.

నాకు పదవీ విరమణకు ఏడాది ఉందనగా ఆవిడ ఒక రాత్రి అన్నం పెడుతూ ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. విరమణకు చేతికొచ్చే సొమ్మును ముట్టుకోకూడదు. దాన్ని డిపాజిట్ వేసి, నెలనెలా వచ్చే వడ్డీతో ఇద్దరం బతకాలి, ఎందుకంటే పెన్షన్ అనే పేరుతో నాకు రాబోయేది బియ్యానికి వస్తే మందులకు రాదు. కొడుకు విశాఖలో ఉన్నాడు కానీ వాడి జీతం వాడి ఇంటి అద్దెకే ఆయాసపడుతోంది. కాబట్టి నేను దిగేలోపు బ్యాంకు బాకీ తీరిపోవాలి, గొలుసు ఇంటికి రావాలి. అది తీర్చగలిగింది ఒక్క తోట. అదీ ఒకే ఒక్క పంట.

"అంటే ఈయేడు పూత మీద అమ్మం" అంది.

పూత మీద అమ్మడం మా వైపు ఆనవాయితీ. డిసెంబరులో చెట్టు పూయగానే దళారీ వచ్చి, తోటంతా ఒకసారి తిరిగి, ఇంత అని చెప్పి డబ్బు చేతిలో పెట్టేస్తాడు. ఎండాకాలంలో ఎన్ని పిక్కలు రాలితే అన్నీ వాడివి. బాగా కాస్తే వాడికి లాభం, కాయకపోతే వాడికే నష్టం. రైతుకు దక్కేది తక్కువే, కానీ డిసెంబరులోనే దక్కుతుంది. మేము ప్రతి ఏడూ అలాగే అమ్మేవాళ్ళం. బ్యాంకు ఆగదు, చెట్టు ఆగమంటుంది. అందుకని.

మా దళారీ వరసకు నా భార్యకు తమ్ముడు. అక్కని మా వైపు అప్ప అంటారు. అప్పా అప్పా అని పిలుస్తూనే అప్పిచ్చిపోవడం అతని వృత్తి. ఆ డిసెంబరులో కూడా మోటారు సైకిలు గుమ్మంలో ఆపి, తోటలో ఒక చుట్టు తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"పూత ఇరగబూసింది అప్పా. రేటు మాటాడీసుకుందుమా?"

"ఈయేడు అమ్మం తమ్ముడా."

"అదేటి! బావకి లాటరీ తగిలినాదేటి?"

"లాటరీ కాదు. రిటైర్మెంటు తగిలినాది."

"పూతని నమ్మకూడదప్పా. మంచొచ్చీసిందంటే ఏటి సేత్తావు?"

"ఇన్నేళ్ళూ మంచు రానప్పుడు లాభం నువ్వు తిన్నావు. ఈయేడు నాను తింటాను."

"మంచొచ్చిన ఏడు నష్టం కూడా నానే తిన్నాను కదప్పా! అది నేదేటి లెక్కలో?" అని నా వైపు తిరిగాడు. "నువ్వైనా సెప్పు బావా."

"నేను టిక్కెట్లు కొట్టేవాణ్ని" అన్నాను.

అతను నవ్వి, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ రేటు కొంచెం పెంచి చెప్పాడు. ఆవిడ గుమ్మంలోంచి చెయ్యి అడ్డంగా ఊపింది. ఆ చెయ్యి ఊపడంలో ఉన్న దర్జా నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు.

ఆ నెలంతా మా ఇల్లు పండుగలా ఉందని అనను. వడ్డీ కట్టాలి, దళారీ డబ్బు లేదు. పాలు కూడా దిగిపోయాయి. కానీ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి ఆవిడ తోటలో ఉండేది. ఏ కొమ్మకు పిందె పడిందో చూపించేది. నేను విరమణ తర్వాత ఏం చేస్తానో అడిగేది. "కూర్చుంటాను" అనేవాణ్ని. జీవితమంతా అందరికీ సీట్లు చూపించినవాడికి అంతకన్నా పెద్ద కోరిక రాలేదు.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం, మా డిపోలో నాకన్నా ముందు రిటైరైన డ్రైవరు ఒకాయన పలాసలో బస్సెక్కాడు. టెక్కలి ఆసుపత్రికి వెళ్తున్నాడు. చాలా చిక్కిపోయాడు. నేను దగ్గరికి వెళ్ళగానే అడిగాడు.

"ఎంతున్నాది బావా ఇప్పుడు?"

"ఈ పంటతో తీరిపోద్ది. అసలూ వడ్డీ అంతా కలిపి ఒక గొలుసంత" అన్నాను.

ఆయన పకపకా నవ్వాడు. నవ్వుకు ఆయాసం వచ్చింది. "నానడిగింది అప్పు కాదు బావా. కిరాటిని."

పక్క సీట్లవాళ్ళు కూడా నవ్వారు. క్రియాటినిన్ ఎంత అనేది కిడ్నీ జబ్బుల మా ఉద్దానంలో కుశల ప్రశ్న. వేరే చోట తిన్నావా అని అడిగినట్టు ఇక్కడ రక్తపరీక్షలో ఎంత వచ్చిందని అడుగుతారు. నాది బాగానే ఉందని చెప్పాను. ఆయనది బాగా లేదు. రోజు మార్చి రోజు డయాలసిస్.

"రిటైరయ్యాక కూకుందుమనుకున్నాను. కూకోబెట్టేసినారు, మిషను పక్కన" అన్నాడు. "వొచ్చిన సొమ్ము ఏటైపోనాదో అడగొద్దు. నువ్వు మాత్రం దాన్ని ముట్టుకోకు. మనకి ఎప్పుడేటి వొస్తాదో తెలీదు."

ఆ మాట ఇంటికొచ్చి చెప్పలేదు. ఆవిడ అప్పటికే అదే లెక్క వేసుకుందని నాకు తెలుసు. కూర్చునే ఖర్చుల్లో మందుల పక్కన ఒక సీటు ఎప్పుడూ ఖాళీగా ఉంచేది. ఎవరికని నేను అడిగేవాణ్ని కాదు.

మంచి అనే మాటలో గుడి తీసి కొమ్ము పెడితే మంచు అవుతుంది. మా పూతకు జరిగింది అంతే. మాఘంలో పొగమంచు పట్టింది. మొదటి రోజు బస్సులైట్లు వేసుకుని వెళ్ళాం. రెండో రోజు డ్రైవరు తల బయటపెట్టి నడిపాడు. మంచు విడిచేసరికి పది దాటేది. ఆ తడికి జీడిపూత నల్లబడుతుంది, ఎండ తగలగానే మాడినట్టు ఎండి రాలిపోతుంది. ఆవిడ నా మొహం చూసింది.

"పొగెడదాం బావా. పొగకి మంచు నిలబడదంటారు."

పొగ పెట్టడం అనే విద్యలో నాకు ప్రవేశం లేదు. డిపోలో నన్ను మంచి రూట్ల నుంచి తప్పించడానికి నా మీదే చాలామంది పెట్టారు కానీ నేనెవరికీ పెట్టలేదు. ఆ తెల్లవారుజామున ఇద్దరం కొబ్బరి డొక్కలు, పీచు, ఎండాకులు పోగేసి చెట్ల కింద కుప్పలు పెట్టాం. ఆవిడ తన కుప్పల మీద నీళ్ళు చిలకరించి అంటించింది. తెల్లటి పొగ నెమ్మదిగా లేచింది. నాకు డ్యూటీ టైమవుతోంది. తడి డొక్కలు బేగి అంటుకోవడం లేదని నా కుప్పల మీద రాలిన జీడాకులు నాలుగు గంపలు గుమ్మరించాను. ఎండిన జీడాకు ఎలా మండుతుందో నాకు తెలియక కాదు, ఆ నిమిషానికి గుర్తు రాలేదు. మంట ఒక్కసారిగా లేచి కింది కొమ్మల్ని నాకింది. ఆ కొమ్మల మీదే మంచు తగలని పూత ఉంది.

పక్క తోట రైతు పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం మట్టి జల్లి ఆర్పాం. ఊపిరి తీసుకున్నాక ఆయన చెట్టు వైపు, నా వైపు చూశాడు.

"పొగెట్టమన్నాం గానీ దహనం సెయ్యమన్నామేటి మావా?"

ఇంకో రోజైతే ఆ మాటకు నేనే ముందు నవ్వేవాణ్ని. నా భార్య తడిచేత్తో ఒక కింది కొమ్మను పట్టుకుని ఉంది. "ఎల్లు బావా, బస్సెల్లిపోద్ది" అంది. యూనిఫాం వేసుకుని వెళ్ళాను. ఆ రోజు ఎక్కిన ప్రతివాడూ ముక్కు మూసుకుని, ఎక్కడ కాలిందని అడిగాడు.

నేను కాల్చింది రెండు మూడు చెట్ల కింది కొమ్మలు. మిగతాదంతా మంచే తిన్నది. ఆ వారమంతా అది వదలలేదు. ఉద్దానంలో ఎవరి తోట చూసినా అంతే కాబట్టి నా తెలివితక్కువతనం ఊళ్ళో పెద్ద వార్త కాలేదు. అదొక్కటే నాకు కలిసొచ్చింది.

ఏప్రిల్‌లో ఆవిడ రోజూ ఎండ ఎక్కకముందే వెళ్ళి రాలిన పండ్లు ఏరేది. పండు నుంచి పిక్కను తిప్పి తీసి గంపలో వేసేది. ఏటా దళారీ కూలీలు తోట నిండా కనిపించేవారు. ఈసారి ఆవిడ ఒక్కతే చాలింది. అన్నీ ఎండబెడితే బస్తాలు నా రెండు చేతుల వేళ్ళకు కూడా రాలేదు. పైగా పలాసలో ధర పడిపోయింది. విదేశీ పిక్కలు ఓడల్లో దిగాయట, ఫ్యాక్టరీలకు మన పిక్కల మీద మోజు తగ్గిందట.

కొనడానికి మళ్ళీ ఆ దళారీయే వచ్చాడు. బస్తాలు తూకం వేసుకున్నాడు, ధర కట్టాడు, డబ్బిచ్చాడు. డిసెంబరులో వాడిస్తానన్న దానిలో సగం కూడా కాదు. వెళ్ళేటప్పుడు బస్తాకింత అని కాకుండా ఇంకో నోటు పైన పెట్టాడు.

"ఇదేటి?" అంది ఆవిడ.

"ఉంచప్పా."

"మీ బావకి ఇంకా రెణ్ణెల్ల జీతముంది. నువ్వు తీసుకో" అని నోటు వెనక్కిచ్చేసింది. ఆ డబ్బంతా కలిపితే ఆ ఏడాది మిగిలిన వడ్డీకి సరిపోయింది. అసలు అలాగే ఉంది.

జూన్ నెలాఖరున డిపోలో నాకు శాలువా కప్పారు, దండ వేశారు. ఒక్క రోజు కూడా సీటు కోసం గొడవ పడని కండక్టరని ఒకాయన మాట్లాడాడు. నిజమే, నాకెప్పుడూ సీటు లేదు కదా. దండతో ఇంటికొచ్చాను. కొన్నాళ్ళకు సొమ్ము ఖాతాలో పడింది. బ్యాంకు నుంచి అప్పు గడువు దగ్గరపడిందని ఫోనొచ్చింది.

ఆ రాత్రి నేనే మొదలుపెట్టాను. "వచ్చినదాంట్లోంచి కట్టేద్దాం. గొలుసు తెచ్చేసుకుందాం."

"కట్టీసి?"

"కట్టేసి... అప్పు లేకుండా ఉంటాం."

"అప్పు నేకుండా ఏటి తింటాం బావా? సొమ్ములో సగం అదే పట్టికెల్లిపోద్ది. ఉన్న సగానికి వొచ్చే వడ్డీ నీ బీపీ మాత్రలకి."

"అయితే ఇంకో ఏడాది తిరగరాయిద్దాం. వచ్చే పంటకి—"

"ఏ పంటకి? జీతం నేదు. వడ్డీ ఎవులు కడతారు?" కంచం ముందుకు జరిపింది. "గొలుసు ఇడిపించీసి అమ్మీద్దాం. బాకీ పోద్ది, కాసింత మిగులుతాది. నీ సొమ్ము నీ దగ్గరుంటాది."

"మీయమ్మ ఇచ్చింది కదే" అన్నాను.

"మాయమ్మ నన్ను కూడా ఇచ్చీసింది" అంది. "అన్నం తిను."

నాకు నవ్వు రావలసిన మాటే. ఎంతసేపటికీ రాలేదు.

కంచిలి బ్యాంకులో నా సొమ్ములోంచి బాకీ కట్టి గొలుసు చేతికి తీసుకున్నాం. దాన్ని పలాస బజారులో అమ్మి, సాయంత్రానికి ఆ డబ్బు తిరిగి నా ఖాతాలో వేయాలి. బ్యాంకు ఇచ్చిన ప్లాస్టిక్ కవరు నేను జేబులో పెట్టుకోబోయాను.

"వొద్దు. బస్సులో జేబులు కొట్టీగల్రు. నీకు తెలీదేటి?" అని ఆవిడ మెట్ల మీదే పక్కకు జరిగి, మెడలో ఉన్న పూత గొలుసు తీసి సంచీలో పడేసి, నాకు వీపు తిప్పింది. అసలు గొలుసు నేను వేయాల్సి వచ్చింది. కొక్కెం చిన్నది, నా వేళ్ళు టిక్కెట్లకు అలవాటు పడ్డవి. ఎంతకీ పడలేదు. వెనక జనం దిగుతున్నారు. చివరికి పడింది.

బస్సులో ఆవిడ సీట్లో కూర్చుంది. పక్కన ఖాళీ ఉన్నా నేను అలవాటు కొద్దీ నిలబడ్డాను. టిక్కెట్టు కొట్టిన కుర్ర కండక్టరు నన్ను గుర్తుపట్టి డబ్బు వద్దన్నాడు. నేను బలవంతంగా ఇచ్చాను. సోంపేటలో ఎక్కి పక్కన కూర్చున్న ఒకావిడ, ఎవరో మాకు తెలియదు, నా భార్య మెడ వంక చాలాసేపు చూసింది.

"గొలుసు బాగున్నాది వొదినా. ఎక్కడ కొన్నావు?"

"పాతది."

"పాతదా! ఇంకా ఎంత మెరుపుందో. నాది రెణ్ణెల్లకే తెల్లగైపోనాది. దీని రంగు పోదేటి?"

నా భార్య గొలుసును వేలితో పైకెత్తి చూసుకుంది.

"పోదు. పలాస దాకా పోదు" అంది.

ఆమెకు అర్థం కాలేదు. సర్దుకుని కిటికీ వైపు తిరిగింది.

కొట్లో సేటు "మార్పిడా, డబ్బులా?" అని అడిగాడు. కొత్త డిజైన్లు ఉన్నాయని అట్ట తీయబోయాడు. "డబ్బులే" అంది ఆవిడ, అని నాకు వీపు తిప్పింది. అద్దాల గదిలో మా ఇద్దరి బొమ్మలు నాలుగు వైపులా కనిపిస్తున్నాయి. నేను ఎటూ చూడకుండా కొక్కెం మీదే కళ్ళు పెట్టాను. పొద్దున్న వేసేటప్పుడు ఎంతకీ పడనిది, తీసేటప్పుడు వేలు తగలగానే ఊడి వచ్చేసింది.